డ్రైవర్ నడుముకు ఏమవుతోంది?

లారీ ఆపి కిందికి దిగే డ్రైవర్‌ని ఒకసారి గమనించండి. దిగగానే నడవడు. తలుపు పట్టుకునో, టైరు మీద చెయ్యి వేసో కాసేపు అలాగే నిలబడతాడు. రెండో చెయ్యి దానంతట అదే నడుము మీదికి పోతుంది. కొంచెం వెనక్కి విరుచుకుని, అప్పుడు మొదటి అడుగు వేస్తాడు. మా బాబాయి ఇరవై ఏళ్లకు పైగా లారీ నడిపాడు. ఇంటి ముందు ఇంజిన్ ఆగిన చప్పుడుకీ, ఆయన గుమ్మంలోకి రావడానికీ మధ్య ఎప్పుడూ కొంత ఆలస్యం ఉండేది. చిన్నప్పుడు అది ఎందుకో మాకు అర్థమయ్యేది కాదు.

ఎవరిని అడిగినా చెప్పే కారణం ఒకటే: "పొద్దస్తమానం కూర్చునే ఉంటారు కదా!" వినడానికి సబబుగానే ఉంది. కానీ టైలరూ కూర్చునే పని చేస్తాడు, బ్యాంకు క్యాషియరూ కూర్చునే పని చేస్తాడు. వాళ్లకూ నడుము నొప్పులు వస్తాయి. అయినా బండి నడిపేవాళ్ల నడుము సంగతి వేరేగా ఉంది. దేశదేశాల్లో జరిగిన పరిశోధనల్లో బస్సు, లారీ, ట్రాక్టర్ డ్రైవర్లు నడుము నొప్పి ఎక్కువగా ఉన్నవాళ్లుగా మళ్లీ మళ్లీ కనిపిస్తున్నారు. కాబట్టి తప్పంతా కూర్చోవడం మీదికి తోసేస్తే లెక్క తేలదు.

అసలు కూర్చోవడం గురించి మనకున్న భయం ఒక పాత ప్రయోగం నుంచి వచ్చింది. 1960లలో ఆల్ఫ్ నాకెమ్సన్ అనే స్వీడన్ ఎముకల డాక్టర్, బతికున్న మనుషుల వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్కులోకి సూది దించి లోపలి ఒత్తిడి కొలిచాడు. నిలబడినప్పటికంటే కూర్చున్నప్పుడు ఒత్తిడి ఎక్కువని తేల్చాడు. ఏ భంగిమలో ఎంత ఒత్తిడో చూపే ఆ బొమ్మ ఇప్పటికీ ఫిజియోథెరపీ క్లినిక్కుల గోడల మీద వేలాడుతూ ఉంటుంది. 1999లో జర్మనీలో ఇంకో బృందం ఒక మనిషి మీద మళ్లీ కొలిచింది. వీపు వెనక్కి ఆనించి తీరిగ్గా కూర్చుంటే ఒత్తిడి నిలబడినప్పటికంటే తక్కువే వచ్చింది. బాగా ముందుకు వంగి కూర్చుంటే మాత్రం గట్టిగా పెరిగింది. అంటే ఎంతసేపు కూర్చున్నారన్నదాంతో పాటు ఎలా కూర్చున్నారన్నదీ చూడాలి. డ్రైవర్ విషయంలో మూడోది కూడా ఉంది. ఆయన కూర్చున్న కుర్చీ కదులుతూ ఉంటుంది.

ఈ మూడోదే అసలు విషయం.

ఉయ్యాల ఊపిన ప్రతివాళ్లకూ తెలుసు, బలంగా తోయక్కర్లేదు, సరిగ్గా దాని లయలో తోస్తే చాలు, ఉయ్యాల అంతకంతకూ పైకి పోతుంది. కూర్చున్న మనిషి ఒంటికి కూడా అలాంటి లయ ఉంది. సెకనుకు సుమారు నాలుగు నుంచి ఆరు సార్లు పైకీ కిందికీ కుదిపితే, సీటు ఎంత ఊగిందో అంతకంటే ఎక్కువగా నడుమూ, దాని పైభాగమూ ఊగుతాయి. మన దురదృష్టం ఏమిటంటే, రోడ్డు మీద పోయే బండ్లలో పుట్టే కుదుపులో పెద్ద భాగం ఈ చుట్టుపక్కలే ఉంటుంది. ప్రతి కుదుపుకీ వెన్ను చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుని వదులుతాయి. మనకు తెలియకుండానే, గంటకు వేల సార్లు. సాయంత్రానికి ఆ కండరాలు అలిసిపోతాయి. అలిసిన కండరం ఆపాల్సిన బరువు డిస్కుల మీద, కీళ్ల మీద పడుతుంది.

గుంతలో పడినప్పుడు తగిలే దెబ్బ దీనికి అదనం. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఇబ్బంది లేకుండా దాటేలా ఉండాలి. మన వీధుల్లో ఎవరింటి ముందు వాళ్లు సిమెంటు పోసి కట్టుకున్న గట్లు ఎలా ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. రోజుకు అలాంటివి రెండు వందలు దాటే డ్రైవర్‌కి ఒక్కొక్కటీ వెన్ను కింద సమ్మెట పోటే.

ఆటో నడిపేవాళ్ల బాధ ఇంకాస్త ఎక్కువ. కారుకు రెండు చక్రాల బాటలే కాబట్టి గుంతను మధ్యలోకి తీసుకుని దాటించవచ్చు. ఆటోకి ముందు చక్రం మధ్యలో పోతుంది. మూడు బాటలు. ఎడమవైపు తప్పించిన గుంత ముందు చక్రానికి దొరుకుతుంది, ముందు చక్రానికి తప్పిస్తే వెనక చక్రానికి దొరుకుతుంది. దానికి తోడు షేర్ ఆటోల్లో డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు ప్యాసింజర్లు ఇరుక్కుని కూర్చుంటారు. డ్రైవర్‌కి మిగిలేది సీటు అంచు. సగం పిర్ర గాలిలో, నడుము ఒక పక్కకి మెలి తిరిగి, హ్యాండిల్ మీదికి వంగి ఊరు దాటతాడు. ఇందులో ఏ ఒక్కటీ నడుముకు మంచిది కాదు. మూడూ కలిస్తే చెప్పేదేముంది.

లారీల్లో ఇంకో సంగతి. లోడు ఉన్నప్పటికంటే ఖాళీ బండి ఎక్కువ ఎగిరేస్తుంది. కింద స్ప్రింగుల్లా పనిచేసే కమాన్ పట్టీలు టన్నుల బరువు మోయడానికి కట్టినవి. బరువు లేకపోతే అవి వంగవు, కర్రల్లా బిగుసుకుని రోడ్డు దెబ్బను నేరుగా సీటుకు పంపుతాయి. సరుకు దించేసి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు తొందరగా ఇల్లు చేరాలని వేగం పెంచుతారు. వేగంతో పాటు కుదుపూ పెరుగుతుంది. నడుముకు ఎక్కువ నష్టం తిరుగు ప్రయాణంలోనే జరుగుతుందని నా అనుమానం. బాబాయి కూడా అదే అనేవాడు, ఆయన మాటల్లో "ఖాళీ బండి గాడిద లాంటిది, తన్నకుండా ఉండదు."

ఇక్కడిదాకా చదివితే డ్రైవింగ్ వల్ల డిస్కులు అరిగిపోతాయని మీరు తేల్చేసుకుని ఉంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను. కానీ 2002లో ఫిన్‌లాండ్‌లో ఒక ముచ్చటైన పరిశోధన బయటికి వచ్చింది. 45 జతల కవల అన్నదమ్ములను తీసుకున్నారు. అచ్చు గుద్దినట్టుండే కవలలు, జన్యువులు ఒకటే. ఒకడు జీవితమంతా బండి నడిపే ఉద్యోగం చేశాడు, రెండోవాడు చాలా తక్కువ. ఎమ్మారై తీసి చూస్తే ఇద్దరి డిస్కుల అరుగుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు! డిస్కు ఎంత అరుగుతుందన్నది చాలావరకు పుట్టుకతోనే వస్తుందన్నమాట. మరోపక్క జర్మనీ 1993 నుంచి, కూర్చుని ఏళ్ల తరబడి ఒంటి కుదుపుకు గురైనవాళ్లకు వచ్చే నడుము డిస్కు జబ్బును వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చి పరిహారం ఇస్తోంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నట్టు ఉన్నాయి కదా? నాకు అర్థమైనంతవరకు చిక్కుముడి ఇక్కడ ఉంది: డిస్కు అరగడం వేరు, నడుము నొప్పి వేరు. రెండింటినీ ఒకటే అనుకోవడం మనం చేస్తున్న తప్పు.

దీనికి సాక్ష్యం కూడా ఉంది. ఏ నొప్పీ లేని మామూలు మనుషుల స్కాన్లు అన్నీ కలిపి 2015లో లెక్క తీశారు. ఇరవై ఏళ్ల వయసువాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది, ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం మందికి. నొప్పి మాత్రం ఎవరికీ లేదు. మన దగ్గర స్కాన్ రిపోర్టులో "డిస్క్ బల్జ్" (డిస్కు కాస్త ఉబ్బింది) అని ఒక ముక్క కనిపిస్తే చాలు, "డిస్కు జారిపోయిందట, ఇక స్టీరింగ్ పట్టొద్దట" అని ఇంటిల్లిపాదీ టెన్షన్ పడిపోతారు. అన్నం పెట్టే పని పోతుందన్న భయంతో మనిషి ఒళ్లు బిగదీసుకుంటాడు, నొప్పి ఇంకా పెరుగుతుంది. ఆ రిపోర్టులో రాసినవాటిలో సగం, నెరిసిన జుట్టు లాంటివి.

ఈ తేడా తెలియడం వల్ల ఒక లాభం ఉంది. డిస్కు అరగడాన్ని మనం పెద్దగా ఆపలేం. నొప్పిని తెచ్చే అలసట, వంపు, కుదుపు, బరువు, వీటి మీద మాత్రం ఎంతో కొంత పట్టు దొరుకుతుంది.

ముందు సీటు సంగతి. ఎక్కగానే పిర్రలు సీటు వెనక మూలకు ఆనేదాకా జరగాలి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. కాలు నిటారుగా చాచాల్సి వస్తే ప్రతి గేరుకూ నడుము ఒక పక్కకి లాగుతుంది. సిటీ ట్రాఫిక్‌లో అలా రోజుకు ఎన్ని వేల సార్లో లెక్క కట్టుకోండి. వీపు వెనక భాగాన్ని నిట్టనిలువుగా పెట్టకండి, కాస్త వెనక్కి వాల్చండి. మరీ పడక కుర్చీలా వాలిస్తే మెడ ముందుకు వస్తుంది. చేతులు చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద పడాలి, వీపు సీటుకు ఆనే ఉండాలి. బెల్టు పెట్టుకునే ఎత్తులో నడుము వెనక ఖాళీ ఉంటే చిన్న తువ్వాలు చుట్టి పెట్టుకుంటే చాలు. దీనికి వేల రూపాయల దిండ్లు అక్కర్లేదు. పూసల కవర్లు గాలి ఆడటానికి బాగుంటాయి, అంతకు మించి నడుముకు ఏదో చేస్తాయని నమ్మకండి.

వెనక జేబులో పర్సు మాత్రం తీసేయండి. లైసెన్సు, ఆర్సీ, బిల్లులు, చిల్లర అన్నీ కుక్కిన పర్సు ఒక పిర్ర కింద ఉంటే నడుము రోజంతా ఒరిగే ఉంటుంది, కాలిలోకి దిగే నరం మీద నేరుగా ఒత్తిడి పడుతుంది. "కాలు లాగేస్తోంది" అని వచ్చే కొంతమందికి పర్సు చోటు మార్చడమే మందు.

అద్దాలతో ఒక చిన్న ఉపాయం ఉంది, నాకు బాగా నచ్చింది. పొద్దున్న నిటారుగా, హాయిగా కూర్చుని ఉన్నప్పుడే అద్దాలు సరిచేసుకోండి. మధ్యాహ్నానికి ఒళ్లు జారిపోయి అద్దంలో వెనక రోడ్డు సరిగ్గా కనిపించకపోతే అద్దం ముట్టుకోవద్దు. మీరే పైకి జరగండి. జారిపోయామని చెప్పడానికి పక్కన మనిషి అక్కర్లేదు.

దిగడం గురించి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, నడుం పట్టేసే క్షణం చాలాసార్లు అదే. గంటల తరబడి వంగి కూర్చుంటే వెన్ను వెనక ఎముకలను కలిపి పట్టి ఉంచే పట్టీలు, లిగమెంట్లు, సాగి వదులవుతాయి. లేచిన వెంటనే అవి బిగుసుకోవు. ఇరవై నిమిషాలు పూర్తిగా వంగి కూర్చున్నవాళ్లలో, లేచాక రెండు నిమిషాలకు సగం సర్దుకున్నాయని, అరగంటకు కూడా పూర్తిగా సర్దుకోలేదని కొలిచి చూశారు. ఇప్పుడు డెలివరీ వ్యాన్ డ్రైవర్‌ని తలుచుకోండి. బండి ఆపుతాడు, దూకుతాడు, వెనక తలుపు తీస్తాడు, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను భుజానికెత్తుతాడు. గ్యాస్ బండ అయితే గ్యాసూ ఇనుమూ కలిపి ముప్పై కిలోల దాకా. సిమెంటు బస్తా యాభై. నడుము అన్నిటికంటే వదులుగా ఉన్న నిమిషంలోనే అన్నిటికంటే పెద్ద బరువు. ఇక్కడ విరుగుడు బరువు ఎత్తే పద్ధతి కంటే ముందు, వరసలో ఉంది. దిగాక ముందు బిల్లు రాయండి, ఫోన్ చేయండి, బండి చుట్టూ తిరిగి టైర్లు చూడండి, రెండుసార్లు నడుము మీద చేతులు పెట్టి వెనక్కి వంగండి. ఆ తరవాత బరువు పట్టుకోండి. అవే పనులు, వరస మారిందంతే. దిగేటప్పుడు క్యాబిన్ వైపు తిరిగి, రెండు చేతులూ ఒక కాలూ ఎప్పుడూ దేన్నో పట్టుకుని ఉండేలా దిగాలి. నాలుగడుగుల ఎత్తు నుంచి రోడ్డు మీదికి దూకితే ఆ దెబ్బ మడమ నుంచి నేరుగా నడుముకే వస్తుంది.

నడుం బెల్టుల గురించి అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. నొప్పి రాకుండా బెల్టు కాపాడుతుందన్న నమ్మకం పరీక్షకు నిలబడలేదు. 2016లో ముప్పై వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షల ఫలితాలు కలిపి చూస్తే బెల్టులతో, చెప్పుల్లో పెట్టే మెత్తలతో లాభం కనిపించలేదు. వ్యాయామం, దానితో పాటు నడుమును ఎలా వాడుకోవాలో నేర్పడం, ఈ రెండూ కలిపినచోట మాత్రం నడుము నొప్పి వచ్చే అవకాశం 45 శాతం తగ్గింది. అందులో ఉన్నవాళ్లంతా డ్రైవర్లు కారు, నిజమే. అయినా నాకు దొరికినవాటిలో దీనికంటే గట్టి ఆధారం లేదు. జిమ్ములు అక్కర్లేదు. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిర్రలు పైకెత్తడం, చేతులూ మోకాళ్ల మీద ఉండి ఎదురు చెయ్యి, ఎదురు కాలు చాచడం, రోజూ ఓ అరగంట నడక. డ్యూటీ దిగినవాడికి ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. బాబాయికి ఇవి చెప్పినప్పుడు నవ్వి పడుకున్నాడు.

విరామం సంగతికొస్తే చట్టం అరవై ఏళ్ల కిందటే చెప్పింది. 1961 మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది. ఐదు గంటలు దాటకముందే కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాల్సి ఉండేది. దూరప్రయాణాల లాంటివాటికి కొన్ని సడలింపులు ఉండేవి. తరవాత ఆ చట్టాన్ని 2020 నాటి కార్మిక కోడ్‌లో కలిపేశారు. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే ముప్పావు గంట ఆగి తీరాలి, బండిలోని యంత్రం దాన్ని రికార్డు చేస్తుంది. మన 1961 చట్టం ఐదుగురికి తక్కువ పనివాళ్లున్న సంస్థలకు వర్తించేదే కాదు. సొంత ఆటో, ఒకటి రెండు లారీల ఓనరు, కిస్తీ కట్టుకునే క్యాబ్ డ్రైవర్, వీళ్లందరి గడియారం ట్రిప్పులే. ఇంకో ట్రిప్పు కొడితే ఇన్సెంటివ్ వస్తుందని ఫోన్ చూపిస్తుంటే, "గంటన్నరకోసారి దిగి నడవండి" అనే సలహా డబ్బున్నవాడి మాటలా వినిపిస్తుంది. అయినా అరగంట దొరకనిచోట రెండు నిమిషాలు దొరుకుతాయి. డీజిల్ బంకులో, రైల్వే గేటు దగ్గర, ప్యాసింజర్ కోసం ఆగినప్పుడు సీట్లో కూర్చుని ఫోన్ చూడకుండా కిందికి దిగడం ఖర్చు లేని పని. పెద్దల డిస్కులకు నేరుగా రక్తనాళాలు ఉండవు. వాటికి ఆహారం చుట్టుపక్కల నుంచి ఊరి రావాలి, కదలిక దానికి సాయం చేస్తుంది. ఇంకో మాట: దిగాల్సి వస్తుందని చాలామంది డ్రైవర్లు నీళ్లు తాగడం మానేస్తారు. తాగండి. దిగాల్సి రావడమే మనకు కావలసింది.

నొప్పి వచ్చేసినప్పుడు వారాల తరబడి మంచం పట్టడం పాత వైద్యం. ఒకటి రెండు రోజులు తగ్గించుకుని, మెల్లగా తిరుగుతూ ఉంటే చాలా నొప్పులు కొన్ని వారాల్లో వాటంతట అవే సర్దుకుంటాయి. కానీ కూర్చునే చోట, తొడల లోపలి వైపు మొద్దుబారినా, మూత్రం బిగిసినా, తెలియకుండా పోయినా, పాదం పైకి లేవకుండా ఈడ్చుకుపోతున్నా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్లాలి. రేపు చూద్దాం అంటే నరం మళ్లీ కోలుకోకపోవచ్చు. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నా డాక్టర్‌కి చూపించండి.

ఇప్పటిదాకా చెప్పినవి డ్రైవర్ చేతిలో ఉన్నవి. ఆయన చేతిలో లేనివి చాలా ఉన్నాయి. అరిగిన షాక్ అబ్జార్బర్లు మార్పించేది ఓనరు. డబుల్ డ్యూటీ వేసేది డిపో. గుంతలు పూడ్చేది మున్సిపాలిటీ. యూరప్‌లో 2002లోనే, ఈ కుదుపును కొలిచి, ఎనిమిది గంటల సగటు 0.5 దాటితే యజమాని ఏదో ఒకటి చేయాలని, 1.15 దాటితే ఆ పనిలో ఉంచకూడదని రాసుకున్నారు (త్వరణం లెక్క, సెకను వర్గానికి మీటర్లలో). మన దగ్గర 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే మూడున్నర టన్నులకు మించిన సరుకు లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అయింది. మంచి నిర్ణయం. ఎండకు దొరికిన గౌరవం కుదుపుకు ఇంకా దొరకాలి. గాలి స్ప్రింగు సీట్లు ఇప్పుడు కొన్ని కొత్త బండ్లలో వస్తున్నాయి. వాటికి డ్రైవర్ బరువుకు తగ్గట్టు తిప్పుకునే మర ఉంటుంది. అది తిప్పకపోతే సీటు అడుగుకు కొట్టుకుని మామూలు సీటు కంటే పెద్ద దెబ్బే ఇస్తుంది. కొన్నవాళ్లు ఆ ఐదు నిమిషాల పని డ్రైవర్‌కి చూపించాలి.

బాబాయి నడిపిన లారీకి విజయవాడ ఆటోనగర్‌లో కొత్త బాడీ కట్టించారు. ఓనరు వారం రోజులు దగ్గరుండి చూసుకున్నాడు. చెక్క ఏది, ముందు అద్దం మీద ఏ దేవుడు, హారన్లు ఎన్ని, పక్కలకు ఏ పూలు, అన్నిటి మీదా పెద్ద చర్చ. అంతా అయ్యాక సీటు గురించి బాబాయిని ఒక్క మాట అడిగాడట: కవరు ఏ రంగు వేయించమంటావని.

ఎరుపు అన్నాడట.